మడి ఇంటికి మెత్తటి కడుగుడు

తిరుపతిలో కార్తీకం వానలు పట్టుకుంటే మనుషులకు జలుబు చేస్తుంది, గోడలకు గడ్డం మొలుస్తుంది. ముందు ఉత్తరం వైపు పచ్చటి నూగు కనిపిస్తుంది. మార్గశిరం వచ్చేసరికి అది నల్లబడి, కిటికీల కింద జడలు కట్టి, ఇల్లు సన్యాసం పుచ్చుకున్నట్టు తయారవుతుంది.

దీనికి మా ఊళ్ళో రెండే వైద్యాలు ఉండేవి. ఒకటి, ఆ నాచు మీదనే సున్నం కొట్టేయడం. నాచు సున్నాన్ని దుప్పటిలా కప్పుకుని హాయిగా నిద్రపోయి, మరుసటి వానకు ఆ దుప్పటిని తన్నేసి లేచేది. రెండోది, ఇనప బ్రష్షూ ఆసిడ్డూ తీసుకుని గోడతో కుస్తీ పట్టడం. ఈ కుస్తీలో ఎప్పుడూ గోడే ఓడిపోయేది. మా వీధిలో ఒకాయన ఇంటిని ఇలా ఏటేటా గీకించి గీకించి గోడ ఎంత పలచబడిందంటే, ఆయన లోపల గురక పెడితే బయట గోడ పొంగి అణిగేదని చెప్పుకునేవారు. చెప్పుకున్నది నేనే అనుకోండి.

సెల్‌ఫోన్లు ఇంకా అందరి జేబుల్లోకీ రాని ఆ రోజుల్లో, మా బావమరిది వీసా గడువు తీరి కువైట్ నుంచి వచ్చాడు. విమానం నుంచి దిగినవాళ్ళంతా సెంటు సీసాలు తెస్తే, వీడు మోకాళ్ళదాకా వచ్చే రబ్బరు బూట్లు, ఈతగాళ్ళు పెట్టుకునేలాంటి కళ్ళద్దాలు, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు తెచ్చాడు. మా ఆవిడ తమ్ముడి పెట్టె తెరిచి, సెంటు సీసా కోసం బూటు లోపల కూడా చెయ్యి పెట్టి చూసి, పెట్టె మూత దభీమని మూసేసింది.

అక్కడ వాడి పని షేకుల బంగళాల బయటి గోడలు కడగడం. ఎడారిలో నాచు ఎక్కడిదని నేనూ అడిగాను. షేకుల తోటల్లో రేయింబవళ్ళు నీళ్ళు చిమ్ముతూనే ఉంటారట, ఆ తడికి గోడలు మన గోడల్లాగే పాచి పడతాయట. కడగడమంటే గీకడం కాదట.

"మెత్తంగా కడగాల బావా. సాఫ్ట్ వాష్ అంటారు. బ్లీచింగు నీళ్ళు సన్నంగా జల్లి, గోడను దాని మానాన వదిలిపెట్టేది. నాచు యేర్లతో సహా సస్తాది. తరవాత నీళ్ళు పోస్తే అదే జారిపోతాది. బ్రష్షు లేదు, బలం లేదు."

"బలం లేకుండా చేసే పనికి నిన్ను అంత దూరం తీసకపోయినారా?" అన్నాను.

"బలం లేకుండా సెయ్యడానికే బలం కావాల" అన్నాడు. కువైట్ నుంచి వచ్చినవాళ్ళు ఇలాగే మాట్లాడతారు.

ఇంతవరకూ తమాషాగానే ఉండేది. కానీ వాడికి ఒక కూతురు ఉంది. వాడు వెళ్ళినప్పుడు పొత్తిళ్ళలో ఉన్న పిల్ల, తిరిగి వచ్చేసరికి వాడిని చూసి అమ్మ వెనక దాక్కుని, "ఈ మామ ఎప్పుడు పోతాడు?" అని అడిగింది. ఆ రోజు వాడు అన్నం కలుపుకున్నాడు గానీ తినలేదు. రాజంపేటలో ఉన్న ఏజెంటు దగ్గర కొత్త వీసా సిద్ధంగా ఉంది. శుక్రవారం సాయంత్రంలోగా ఔననో కాదనో ఫోను చేసి చెప్పాలి. ఇక్కడే గోడలు కడిగి బతకగలనని వాడికి నమ్మకం కుదిరితే ఉంటాడు. కుదరకపోతే మళ్ళీ విమానమే.

వాడి భార్య నాతో ఒకే మాట అంది. "అన్నా, ఈ తూరి ఆయన్ను పోనియ్యద్దు."

మా ఆవిడ అన్న మాటలు మాత్రం చాలా ఉన్నాయి. వాటి సారాంశం ఏమిటంటే, తమ్ముడు విమానం ఎక్కితే ఈ ఇంట్లో నాకు కాఫీ ఉండదు.

అప్పుడు దొరికింది అయ్యవారి ఇల్లు.

అయ్యవారు అంటే బడిలో లెక్కలు చెప్పే మేష్టారు, వైష్ణవులు. గుడి చుట్టూ స్వామి ఊరేగే మాడవీధిలో ఆయన ఇల్లు. అది మామూలు ఇల్లు కాదు. వాకిలి పైన గోడలో సున్నపు గారతో పోసిన శంఖం, చక్రం, మధ్యలో నామం ఉన్నాయి. ఉత్సవం రోజున వాహనం ఆ వాకిలి ముందు ఆగుతుంది, ఇంట్లో అవ్వ హారతి పడుతుంది. అవ్వ అంటే అయ్యవారి తల్లి. ఆ ఏడు వానలకు శంఖం బొగ్గుముక్కలా, చక్రం మాడిన దోసెలా అయ్యాయి. ఉత్సవం ఆదివారం. అంతకుముందొక ఏడు మేస్త్రి ఎవరో బ్రష్షు పెట్టి గీకితే శంఖం మూతి ఊడి వచ్చిందట. అందుకని ఈసారి అవ్వ ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. గీకకుండా కడిగేవాడు ఉన్నాడని నేను అయ్యవారి చెవిన వేశాను.

ఆ వీధిలో ఉన్న ఇళ్ళన్నిటికీ అదే జబ్బు. ఈ ఇల్లు తెల్లబడితే వీధి మొత్తం మావాడి చేతికి వస్తుంది. ఈ ఇల్లు చెడితే, ఊరి మొత్తానికి ఆ కబురు హారతి ఆరేలోపల చేరుతుంది.

బుధవారం నాడు మావాడు పరీక్ష చేశాడు. పెరట్లో, ఆవు కొట్టం పక్కన, ఎవరికీ కనపడని మూల అరచేయంత మేర మందు జల్లి చూశాడు. అదే వాడి పద్ధతి. గోడ ఏ గుణానిదో తెలియకుండా ముందువైపు ముట్టడు. కాఫీ తాగి వచ్చేలోపల ఆ అరచేయంత జాగా, కొత్తగా వచ్చిన పాలపల్లులా మెరిసింది. అవ్వ కళ్ళజోడు ఎత్తి చూసింది. అవ్వ మడి చీరలో ఉంటుంది, మనిషికి మూరెడు దూరంలో ఉంటుంది. ఆ మూరెడు దూరాన్ని ఊరి పెద్దలు కూడా దాటలేదని ప్రతీతి.

"ఏమిరా అబ్బాయ్ ఆ మందు?"

"బ్లీచింగు పొడమ్మా. నీళ్ళల్లో కలిపి పైతేట తీసినా."

అవ్వ మొహం మారింది. "మున్సిపాలిటీవాళ్ళు సాకడ కాలవల్లో చల్లేదేనా?"

"అదే గానీ..."

"మురిక్కాలవలో వేసేది తెచ్చి స్వామికి ఎదురొచ్చే గోడకు పూస్తావా?"

"అమ్మా, కాలవ మురికిది గానీ మందు మురికిది కాదు కదా. డాక్టరు రోగిని ముట్టుకుంటే డాక్టరు రోగి అయిపోతాడా?"

నాకు ఆ జవాబు భలే నచ్చింది. అవ్వ మాత్రం ఏమీ అనలేదు. పెరుమాళ్ళను తలుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. అవ్వ అరిచినంతసేపూ ఆ ఇంట్లో ఎవరికీ భయం ఉండదట. ఆమె మాట్లాడకుండా లోపలికి వెళ్ళిందంటే అయ్యవారికి కూడా అరికాళ్ళు చెమటలు పడతాయని నాకు తర్వాత తెలిసింది.

గురువారం తెల్లవారి, ఎండ ఎక్కకముందే మొదలుపెట్టాం. నాచేత ఆఫీసుకు సెలవు పెట్టించింది మా ఆవిడ. మావాడి సామాను ఒక ఎద్దులబండికి సరిపోయేంత ఉంది. నీలం ప్లాస్టిక్ డ్రమ్ము. పొలాల్లో మందు కొట్టేలాంటి వీపు స్ప్రేయరు, అదీ కొత్తది. పాతది ఊరికే ఇస్తామన్నారు పుత్తూరు దగ్గర బంధువులు. పురుగుల మందు పట్టిన దానిలో ఇంకో మందు పోయకూడదని వాడు వద్దన్నాడు. వాకిలి పైన శంఖచక్రాల కోసం భుజాన తగిలించుకునే చిన్న చేతి స్ప్రేయరు. వీపున బరువు పెట్టుకుని నిచ్చెన ఎక్కకూడదట. నిచ్చెన వెదురుది. కరెంటు తీగ ఇంట్లోకి దిగే మూల ఉంది కాబట్టి ఇనప నిచ్చెన తెచ్చినవాడిని వాడు వాకిట్లోంచే తిప్పి పంపేశాడు. మెయిన్ స్విచ్చి ఆపించి, బయటి బల్బులకూ కాలింగ్ బెల్లుకూ ప్లాస్టిక్ సంచులు కట్టాడు. అవ్వ పూలచెట్లను ముందు నీళ్ళతో తడిపి, తర్వాత పట్టా కప్పాడు. తడిసిన ఆకు మందును తాగదట. గోడ దగ్గర నిలబడి, నోట్లో వేలు పెట్టుకుని, ఆ తడి వేలు పైకెత్తి గాలి ఎటు వీస్తోందో చూశాడు. దారినపోయేవాళ్ళు వీడు వాన కురిపిస్తాడేమోనని గొడుగులు సరిచేసుకున్నారు.

బ్లీచింగు నీళ్ళకు ఎండ పడదు, బలం పోతుంది. అందుకని డ్రమ్మును ఇంటికీ ప్రహరీకీ మధ్య ఉన్న ఇరుకు సందులో నీడన పెట్టాడు. ఆ సందుకు ఇటు చివర మేమున్న వాకిలి, అటు చివర ఆవు కొట్టంలోకి తలుపు. ఇంట్లో అందరినీ పిలిచి వాకిట్లో నిలబెట్టి హెచ్చరించాడు.

"ఈ నీళ్ళ జోలికి ఎవురూ రావద్దు. దీంట్లో ఏదీ కలపకూడదు. ఆసిడ్డు కలిపితే ఇసపు గాలి వస్తాది. ఫినాయిలు వద్దు, సోడా వద్దు, ఏమీ వద్దు."

అందరూ తలలు ఊపారు. అవ్వ తల ఊపిందో లేదో నేను చూడలేదు. ఆమె తులసికి నీళ్ళు పోస్తోంది. అయ్యవారు బడికి వెళ్ళిపోయాడు.

గోడను ముందు మామూలు నీళ్ళతో తడిపాడు. కింది నుంచి పైకి మందు జల్లుకుంటూ పోయాడు. పై నుంచి కిందికి జల్లితే చారలు పడతాయట. కాసేపు ఆగి, ఆరిపోకముందే పై నుంచి కిందికి మంచినీళ్ళు పోశాడు. నల్లటి నీళ్ళు, బడిపిల్లలు సెలవుకు వదిలినట్టు, జారి పరిగెత్తాయి. ఎడమ పక్క గోడ సగం తెల్లగా బయటపడింది. ఎదురింటివాళ్ళు అరుగు మీదికి వచ్చి నిలబడ్డారు. వాళ్ళ కళ్ళల్లో మావాడికి ఉద్యోగం కనిపిస్తోంది, నాకు కాఫీ కనిపిస్తోంది.

ఇక మిగిలింది వాకిలి పైభాగం. మావాడు నిచ్చెన ఎక్కుతూ, కళ్ళద్దాల్లోంచి నాకేసి చూశాడు.

"బావా, పట్టుకో. బూకంపం వచ్చినా వదలద్దు. నేను దిగేదాకా నీ సేతులు ఈడే ఉండాల."

పట్టుకున్నాను. ఆ పట్టు ఎంత గట్టిదంటే వెదురు కణుపులు నా అరచేతుల్లో అచ్చు పడ్డాయి. వాడు పైన, తలకు తువ్వాలు చుట్టుకుని, చెవులు మూసుకుపోయి, శంఖం మీద మంచు కురిసినట్టు మెల్లగా మందు జల్లుతున్నాడు. ఒక కాలు నిచ్చెన మీద, ఒక కాలు వాకిలి పైన కట్టు మీద. నేను వదిలితే వాడు కిందికి రాడు, రెండు ముక్కలుగా వస్తాడు.

అప్పుడే నా కంటి చివర సందులో ఏదో కదిలింది.

అటు చివర కొట్టం తలుపు తెరుచుకుంది. అవ్వ సందులోకి వచ్చి, దూడ వెంట రాకుండా తలుపు మళ్ళీ మూసి గొళ్ళెం పెట్టింది. చంకన ఒక చిన్న ఇత్తడి బిందె ఉంది. ఆ బిందెలో ఏముందో నాకు ఆ దూరానికే తెలిసింది, ముక్కుతో. శుద్ధికని కొట్టంలో జాడీలో పట్టి రోజుల తరబడి దాచి ఉంచే గోమూత్రం అది. మురిక్కాలవ మందును శుద్ధి చేయడానికి తెస్తోంది. రాత్రంతా ఆలోచించి ఉంటుంది మహాతల్లి.

"అమ్మా! వద్దు! ఆడికి పోవద్దు!"

అవ్వ నాకేసి చూసి చేయి ఊపింది. "భయపడకు నాయనా, నిచ్చెన గట్టిగా పట్టుకో!"

"అమ్మా దాంట్లో పొయ్యద్దు! ఒరే, దిగురా! దిగు!"

పైనున్నవాడికి తువ్వాలు అడ్డం. "ఏంది బావా, ఊపుతావే?"

"దిగరా నాయనా! అవ్వ! డ్రమ్ము!"

చేతులు వదలలేను, కాళ్ళు కదపలేను, నోరు ఒక్కటే పనిచేస్తోంది, అదీ పనికొచ్చేలా పనిచేయడం లేదు. అవ్వ డ్రమ్ము దగ్గర ఆగి, కళ్ళు మూసుకుని, పెదాలు కదిపింది. శ్లోకం పొడుగుదైతే బాగుండునని నేను జీవితంలో మొక్కుకున్నది ఆ ఒక్కసారే. చిన్నదే అయింది. బిందె వంచింది.

డ్రమ్ము బుస్సుమంది. మరిగే పాలు పొంగినట్టు నురుగు లేచింది. వెంటనే వచ్చింది వాసన. ఈత కొలనుల్లో వచ్చే వాసనను పదింతలు చేసి, దానికి గోళ్ళు మొలిపించి, ముక్కులోకి తోసినట్టు. అవ్వ ఒక్క దగ్గు దగ్గింది. ఇంకో దగ్గు. కొంగు నోటికి పెట్టుకుని వెనక్కి తిరిగింది. కన్నీళ్ళు కారే కళ్ళకు గొళ్ళెం కనిపించలేదు. తలుపును తడుముతోంది.

మావాడు అప్పుడు చూశాడు. నిచ్చెన మెట్లు దిగాడో, జారాడో, ఎగిరాడో నాకు తెలియదు. వాడి బూటు నా భుజాన్ని రాసుకుంటూ నేల మీద పడింది. నా చేతులు ఇంకా నిచ్చెనకే ఉన్నాయి.

"వదలు బావా! నీళ్ళు! కొళాయి గొట్టం వీదిలోకి లాగు!"

తువ్వాలు కొళాయి కింద తడిపి మూతికి చుట్టుకున్నాడు. సందు మొగదల నిలబడి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. లోపల డ్రమ్ము, దానికి అవతల అవ్వ. అవ్వ గోడకు ఆనుకుని ఒక చేయి ముందుకు చాచింది. సాయం కోసం కాదు, ఆపడానికి.

"రావద్దు... ముట్టుకోవద్దు... మడి!"

వాడు ఒక క్షణం ఆగాడు. ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. ముట్టుకుంటే ఈ ఇల్లు పోయినట్టే. ఈ ఇల్లు పోతే వీధి పోయినట్టే. రేపు శుక్రవారం. వాడి మెదడులో ఇవన్నీ తిరిగాయో లేదో గానీ నా మెదడులో మాత్రం బిందెతో సహా తిరిగాయి.

"మడి మళ్ళా కట్టుకుందువు లేమ్మా!" అని, డ్రమ్మును దాటుకుంటూ దూరిపోయాడు.

నాకు కనిపించింది పొగలా మసక, దానిలో రెండు ఆకారాలు, ఇత్తడి మోత. ఆ మోత అవ్వ బిందెతో వాడి తల మీద కొట్టడం వల్ల వచ్చింది. వాడు వేరుశనగ మూటను ఎత్తుకున్నట్టు ఆమెను రెండు చేతుల్లో ఎత్తుకుని, బిందె దెబ్బలు తింటూ, కళ్ళు మూసుకుని పరిగెత్తుకొచ్చాడు. గాలి ఎటు వీస్తోందో పొద్దున చూసిన మనిషి కదా, గాలికి ఎదురుగా వీధి అవతలి అరుగు దాకా వెళ్ళి దించాడు. దించి, తానూ కూలబడి, పేగులు బయటికి వచ్చేట్టు దగ్గాడు.

"నీళ్ళు పొయ్యి బావా! ఆమె కండ్లల్లో! ఆపద్దు!"

పోశాను. "మున్సిపాలిటీ నీళ్ళురా!" అని అవ్వ అరిచింది. అరవగలుగుతోందని నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ మరుక్షణం ఆ అరుపు ఆగిపోయింది. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, మాట రావడం లేదు. పెదాలు రంగు మారాయి. ఎదురింటివాళ్ళు ఆటో పిలిచారు. మావాడు దగ్గుతూనే, సందు మొగదల తాడు కట్టి, "లోపలికి ఎవురూ పోవద్దు, డ్రమ్ము ముట్టుకోవద్దు, గాలికి దానంతట అది పోవాల" అని వాళ్ళకు అప్పజెప్పి, ఆటోలో ఎక్కాడు.

ఆసుపత్రి వరండాలో కూర్చున్నంతసేపూ నాకు ఒక అబద్ధం కూడా తోచలేదు. నా జీవితంలో అలాంటి పూట ఇంకోటి లేదు. లోపల అవ్వకు మూతికి ఆక్సిజన్ పెట్టారు. మావాడికి కూడా పెడతామంటే, ముందు ఆమె సంగతి చెప్పండన్నాడు. డాక్టరు వాడి కళ్ళు చూసి, తిట్టాడు.

"నిలవ గోమూత్రంలో అమోనియా ఉంటుంది, దానికి బ్లీచింగు తగిలితే విషపు గాలే. దాంట్లోకి తడిగుడ్డ కట్టుకుని పోతావా? అది దేన్నీ ఆపదు. నువ్వూ ఆడనే పడిపోయి ఉంటే?"

"పడిపోలేదు కదా సార్."

"అదృష్టాన్ని పద్ధతి అనుకోవద్దు" అన్నాడాయన.

బడి నుంచి అయ్యవారు వచ్చాడు. చొక్కా మీద చాక్‌పీసు పొడి, మొహంలో రక్తం లేదు. తల్లి గదిలోకి వెళ్ళి, చాలాసేపటికి బయటికి వచ్చాడు. అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా అన్నాడు.

"ప్రమాదం లేదంట. సాయంత్రం దాకా ఉంచి పంపిస్తారంట. మీరు ఇంక పని చేయద్దప్పా. సామాను తీసకపోండి."

"అయ్యవారూ, నేను సెప్పినా కదా, ఏదీ కలపద్దని..." మావాడు మొదలుపెట్టాడు.

"చెప్పినావు. మా అమ్మ ప్రాణం పొయ్యేదానికి వచ్చింది. ఇంక వద్దు."

ఆ సందులో డ్రమ్ము పెట్టింది తానేనని మావాడికీ తెలుసు. గాలి ఆడని చోట, ఇంట్లోవాళ్ళ తలుపుకు ఎదురుగా. మధ్యాహ్నానికి వాసన పోయాక ఇద్దరం వెళ్ళాం. వాడు దూరం నుంచే గొట్టంతో డ్రమ్ములోకి నీళ్ళు పట్టి పట్టి, పలచబరిచి పలచబరిచి, పారబోసేసరికి సాయంత్రమైంది. గోడ ఎడమ పక్క తెల్లగా, కుడి పక్క నల్లగా, మధ్యలో శంఖం సగం కడిగి సగం వదిలేసినట్టు ఉంది. సగం గడ్డం గీయించుకుని మంగలి దగ్గర్నుంచి పారిపోయి వచ్చినవాడి మొహంలా ఉంది ఆ ఇల్లు. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి ఇంటినీ మమ్మల్నీ చూసి, గొంతు తగ్గించుకుని మాట్లాడుకుంటూ వెళ్తున్నారు.

మావాడు బూట్లు విప్పి సంచిలో పెట్టాడు. "రేపటి దాకా ఎందుకు బావా. ఇప్పుడే సెప్పేస్తా."

మూలమీద ఎస్టీడీ బూతు ఉంది. వాడు అద్దాల గదిలోకి వెళ్ళి నంబరు తిప్పాడు. రాజంపేట లైను దొరకలేదు. మళ్ళీ తిప్పాడు. ఏజెంటు ఎవరితోనో మాట్లాడుతూనే ఉన్నాడు. కువైట్ పోవాలనుకునేవాళ్ళు ఎంతమందో ఆ ఎంగేజి మోత విని లెక్కేయవచ్చు. నేను బయట నిలబడి, లోపలికి పోయి ఆ ఫోను లాక్కోవాలా, లాక్కుని ఏం చెప్పాలి, అని మథనపడుతున్నాను. చెప్పడానికి నా దగ్గర ఏముంది? ఈ ఊళ్ళో ఇంకెవరు పిలుస్తారు వాడిని? వాడు అద్దానికి తల ఆనించి, రిసీవరు చెవికి పెట్టుకుని, మళ్ళీ మళ్ళీ తిప్పుతున్నాడు. దగ్గు వచ్చినప్పుడల్లా అద్దం మీద ఆవిరి మరక పడుతోంది.

అంతలో అయ్యవారు సైకిలు మీద వచ్చాడు. దిగలేదు. ఒక కాలు నేల మీద ఆనించి, నాతో అన్నాడు.

"మీ బావమరిదిని మా అమ్మ పిలుస్తా ఉండాది. ఇంటికి తీసకొచ్చినాం. కోపంగా ఉండాది."

మావాడు రిసీవరు పెట్టేసి వచ్చాడు. "ముట్టుకున్నందుకు తిడతాదా?"

"నాకు తెలీదు. మాట్లాడటం లేదు" అన్నాడు అయ్యవారు. ఆ మాటతో మా ముగ్గురి అరికాళ్ళూ చెమటలు పట్టాయి.

అవ్వ వాకిట్లో నులకమంచం మీద, మళ్ళీ స్నానం చేసి, కొత్త మడిలో, కళ్ళు ఎర్రగా, గోడకు ఎదురుగా కూర్చుని ఉంది. మేము మూరెడు దూరంలో ఆగాం. ఆమె మావాడిని కిందినుంచి పైదాకా చూసింది. గొంతు బొంగురుపోయింది.

"ఏమీ కలపద్దని చెప్పినావు. గోమూత్రం ఏమిటిలోకి వస్తుందని నాకెట్లా తెలుస్తుందిరా? ఆవు పేరు పెట్టి చెప్పి ఉండాల్సింది."

"తప్పయిందమ్మా."

"తప్పు సంగతి తర్వాత. ఇదేమిట్రా?" గోడ కేసి చూపించింది. "ఆదివారం స్వామి వస్తాడు. మా ఇల్లు చూసి ఈ సగం ఏమిటి, ఆ సగం ఏమిటి అని అడిగితే నేనేం చెప్పాలి? శంఖం ఒక చెంప నలుపు, ఒక చెంప తెలుపు. ముగించి పో."

"అమ్మా!" అన్నాడు అయ్యవారు. "ఆ మందు జోలికి పోవద్దని డాక్టరు చెప్పినాడు కదా?"

"గోడను సగంలో వదిలేయమని డాక్టరు చెప్పలేదు కదా. నలభై ఏండ్లుగా ఈ వీధిలో నన్ను ఎవరూ ముట్టుకోలేదు. వీడు మూటలాగ ఎత్తుకుపోయినాడు. ఆ మందు తెచ్చినవాడే నన్ను బయటికి తెచ్చినాడు. ఇద్దరమూ తప్పు చేసినాము, ఇద్దరమూ ముగిస్తాము. రేపు పొద్దున రా. డ్రమ్ము ఆ సందులో వద్దు, వీధిలో పెట్టు, గాలికి. దాని ముందు నేను కూర్చుంటా. ఎవరు ఏది తెచ్చినా కాళ్ళు విరగ్గొడతా."

"నువ్వు దగ్గర కూర్చోకూడదమ్మా" అన్నాడు మావాడు. "దూరంగా, గాలికి ఈ పక్కన."

"కూర్చుంటా" అంది అవ్వ. ఆమె ఒకరి మాట వినడం ఆ వీధికి అదే మొదటిసారి అయి ఉంటుంది.

శుక్రవారం పొద్దున ఆమె ఎదురింటి అరుగు మీద పీట వేయించుకుని కూర్చుంది, వీధిలో పెట్టిన డ్రమ్ము మీద కళ్ళు పెట్టి. పాలవాడు డ్రమ్ము పక్కన సైకిలు ఆపితే, బతికి బయటపడ్డాడు, అంతే. కొట్టం తలుపుకు మావాడు తాళం వేశాడు, తాళంచెవి అయ్యవారి జేబులో. నేను నిచ్చెన పట్టుకున్నాను. ఈసారి వాడు చెవులు మూసుకోలేదు. దగ్గు వచ్చినప్పుడల్లా ఆగి, అది తగ్గాకే మళ్ళీ చేయి ఎత్తాడు. మందు జల్లాడు, ఆగాడు, నీళ్ళు పోశాడు. శంఖం మూతి, ఆ పాత మేస్త్రి ఊడగొట్టిన చోటు తప్ప, మొత్తం బయటపడింది. చక్రం ఆకులు ఒక్కొక్కటే తేలాయి. నల్ల నీళ్ళు ఆగి తెల్ల నీళ్ళు వచ్చేదాకా వాడు గొట్టం దించలేదు. తర్వాత పట్టా తీసి పూలచెట్లకు మళ్ళీ నీళ్ళు పట్టాడు. ఒక్క ఆకు కూడా వాడిపోలేదు.

అవ్వ చాలాసేపు చూసింది. బాగుందనలేదు. పక్కింటి గోడ కేసి తిరిగి, పక్కింటావిడ కేసి తిరిగి, "మీ గోడ చూస్తే నాకు కడుపు తిప్పుతోంది" అంది. పక్కింటావిడ లోపలికి వెళ్ళి భర్తను పిలుచుకొచ్చింది. ఆయన గోడ చూశాడు, మావాడిని చూశాడు.

"మాదీ చేస్తావా అప్పా?"

"ముందు ఒక మూల పరీక్ష చేసి సూడాల" అన్నాడు మావాడు.

తడి చేతులతోనే బూతుకు వెళ్ళాడు. నేను అద్దం బయట నిలబడ్డాను. ఈసారి లైను ఒకేసారి తగిలింది.

"అన్నా, నేనే... లేదన్నా. రాను. ... అవునన్నా, తెలుసు. ... ఈడే పని ఉండాది. ... ఏం పనా? గోడలు కడిగేది." అటువైపు గొంతు అద్దం దాటి నాకే వినిపించేంత పెరిగింది. వాడు రిసీవరును చెవికి దూరంగా పట్టుకుని, ఆ గొంతు అలిసిపోయేదాకా ఆగి, పెట్టేశాడు.

"వేరేవాడికి ఇచ్చేస్తాడంట" అన్నాడు బయటికి వచ్చి.

"ఇచ్చుకోనీ" అన్నాను.

వాడు తువ్వాలు విదిలించి భుజాన వేసుకున్నాడు.

"పా బావా. ఎండ ఎక్కకముందే పక్కింటి గోడ తడపాల."